ఐ20 ఎన్ లైన్ టర్బోకి పెద్ద ఇంటర్‌కూలర్ వేయించాల్నా? ఎండలకు పవర్ పడిపోతున్నది

నల్లమల_రోడ్ (హైదరాబాద్)

అన్నలకు నమస్తే. నాది 2022 హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్ కారు, 1.0 టర్బో (గాలిని నొక్కి ఇంజిన్‌లకు పంపేది), డీసీటీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్. సెకండ్ హ్యాండ్‌ల తీస్కున్న. కంపెనీ లెక్క 120 పీఎస్ పవర్ (హార్స్ పవర్ లెక్కనే), 172 ఎన్ఎం టార్క్, దాని మీద దసరా టైమ్‌ల పవర్ పెంచే ట్యూనింగ్ బాక్స్ ఒకటి పెట్టించిన, రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్ ప్రోగ్రామ్ మార్చుడు) కాదు, సెన్సర్ వైర్ల మధ్యల ప్లగ్ చేసే టైపు. చలికాలం మొత్తం మస్తు లాగింది. ఏప్రిల్ వచ్చేసరికి మొత్తం మారిపోయింది. పొద్దుగాల ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్) ఎక్కితే ఏం ఫరక్ లేదు, అదే మధ్యాహ్నం ఎల్బీ నగర్ ట్రాఫిక్‌ల ఇరుక్కొని బయటపడినంక తొక్కితే బండి లేస్తలేదు, టర్బో లేని బండి లెక్క పోతది, ఒక రెండు మూడు నిమిషాలు మంచిగ గాలి తగిలినంక మళ్ల దారికొస్తది. మొన్న శ్రీశైలం పోయినప్పుడు డ్యామ్ దాటి సున్నిపెంట దిక్కు ఎక్కేటప్పుడు గూడ గదే, మొదటి మలుపులు బాగనే ఎక్కి తర్వాత డీలా పడ్డది. ఇంజిన్ టెంపరేచర్ ముల్లు మాత్రం నడిమిట్లనే ఉన్నది, చెక్ లైట్ ఏం రాలే.

మాకు తెలిసిన షాపాయన ఇంటర్‌కూలర్ (టర్బో నొక్కిన వేడి గాలిని చల్లబరిచే రేడియేటర్ లాంటిది) చిన్నగున్నది, అదే సమస్య అంటున్నడు. యూనివర్సల్ కిట్ చూపిచ్చిండు, కోర్ (గాలి చల్లబడే నడిమి భాగం) 450×300×76 మి.మీ., బార్ అండ్ ప్లేట్ రకం, 3 ఇంచుల అల్యూమినియం పైపులు, నీలం సిలికాన్ హోస్‌లు. బంపర్ లోపల ఏసీ కండెన్సర్ ముంగట బిగిస్తడట, క్రాష్ బీమ్ (బంపర్ ఎనుక ఉండే అడ్డ దూలం) కొంచెం కోయాల్సొస్తది కానీ ఏం కాదు అంటున్నడు, 20 హార్స్ పవర్ గ్యారంటీ అంటున్నడు. ఎవరన్న వేయించినోళ్లు ఉంటే చెప్పుండ్రి, ఇది నిజంగ పన్జేస్తదా, ఏసీ మీద ఎఫెక్ట్ ఉంటదా, పెద్ద పైపులేస్తే ల్యాగ్ (తొక్కినంక పవర్ వచ్చేదాకా పట్టే ఆలస్యం) పెరుగుతదా. ఎండాకాలం ఏసీ లేకుండ ఇంట్లోళ్లు బండి ఎక్కరు, అది ముందే చెప్తున్న.

పోలో_హన్మకొండ

తమ్మీ ముందుగాల ఆ బాక్స్ తీసి, అదే ఎండల అదే రూట్ల ఒకసారి నడిపి చూడు. ఆ బాక్స్ చేసేది ఏంటంటే బూస్ట్ (టర్బో పెంచే గాలి ఒత్తిడి) సెన్సర్ నుంచి పోయే సిగ్నల్‌ను తక్కువ చేసి చూపిస్తది, ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) బూస్ట్ తక్కువున్నది అనుకొని ఇంకింత పెంచుతది. బూస్ట్ పెరిగితే గాలి వేడి పెరుగుతది, కంపెనీ ఇచ్చిన ఇంటర్‌కూలర్ ఆ లెక్కకు చేసింది కాదు. నాది పోలో జీటీ టీఎస్ఐ, రీమ్యాప్ మీద నడుస్తున్నది, ఎండాకాలం ఇది అందరికీ ఉండేదే.

ఇంకోటి, నీది డ్రై క్లచ్ (ఆయిల్‌ల మునగని క్లచ్) డీసీటీ. ట్రాఫిక్‌ల పాక్కుంట పోతే క్లచ్ గూడ వేడెక్కుతది, అప్పుడు గేర్‌బాక్స్ కూడా పవర్ తగ్గించమని అడగొచ్చు. డిస్‌ప్లేల ట్రాన్స్‌మిషన్ టెంపరేచర్ వార్నింగ్ ఎప్పుడన్న వచ్చిందా? వస్తే ఇంటర్‌కూలర్‌ది కాదు కథ.

స్టీల్‌ప్లాంట్_మెకానికల్ (విశాఖ)

20 హార్స్ పవర్ గ్యారంటీ అన్నాడంటే అతను లెక్క వేసి చెప్పలేదు. నేను వేస్తాను, కొంచెం ఓపికగా చదవండి, ఎందుకంటే డబ్బు పెట్టేది మీరు.

బయట 40 డిగ్రీలు అనుకుందాం, బూస్ట్ 0.8 బార్ అనుకుందాం, అంటే మొత్తం ఒత్తిడి 1.8 రెట్లు. గాలిని నొక్కితే వేడెక్కుతుంది, ఇది ఏ కంపెనీ టర్బో అయినా తప్పదు. కంప్రెసర్ 70 శాతం ఎఫిషియెన్సీతో పని చేస్తోంది అనుకుంటే గాలి ఇంకో 82 డిగ్రీలు వేడెక్కి, టర్బోలోంచి బయటికొచ్చేసరికి 122 డిగ్రీల దగ్గర ఉంటుంది. మామూలు ఇంటర్‌కూలర్ ఆ 82లో 70 శాతం లాగేసిందనుకోండి, ఇంజిన్‌లోకి 65 డిగ్రీల గాలి వెళ్తుంది. మంచి పెద్దది 85 శాతం లాగితే 53 డిగ్రీల దగ్గర. తేడా 12 డిగ్రీలు. గాలి సాంద్రత కెల్విన్ లెక్కన మారుతుంది కాబట్టి 338ని 326తో భాగించండి, 4 శాతం కూడా రాదు. 120 మీద 4 శాతం అంటే నాలుగైదు పీఎస్. అంతే, గాలి వల్ల వచ్చేది అదే.

మరి ఎందుకు వేయిస్తారు అంటే అసలు లాభం ఇంకో చోట ఉంది. గాలి వేడిగా వస్తే నాకింగ్ (పెట్రోల్ అదుపు తప్పి తనంతట తానే మండడం) వస్తుంది, అది రాకముందే ఈసీయూ ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్క్ పడే సమయం) వెనక్కి లాగేస్తుంది, బూస్ట్ కూడా తగ్గిస్తుంది. మీకు ఎల్బీ నగర్‌లో జరిగేది చాలావరకు ఇదే అని నా అనుమానం. కాబట్టి ఇంటర్‌కూలర్ మంచిదైతే కొత్త పవర్ రాదు, ఉన్న పవర్ ఎండలో కూడా నిలబడుతుంది. నా దృష్టిలో అది 20 హార్స్ పవర్ కంటే విలువైనది, కానీ డబ్బు దేనికి ఇస్తున్నామో తెలిసి ఇవ్వాలి.

ఇప్పుడు ల్యాగ్ సంగతి. మీ ఇంజిన్ 998 సీసీ, 3000 ఆర్పీఎం దగ్గర సెకనుకి 25 లీటర్ల గాలి మింగుతుంది. ఇంటర్‌కూలర్, పైపులు కలిపి ఒక 3 లీటర్లు పెరిగినా అది నిండటానికి పట్టేది సెకనులో పదో వంతు. దాని గురించి భయపడక్కర్లేదు. కానీ 3 ఇంచుల పైపు దేనికో నాకు అర్థం కాలేదు. 50 మి.మీ. పైపులోనే 6000 ఆర్పీఎం దగ్గర గాలి వేగం సెకనుకి 25 మీటర్లు, అది చాలా తక్కువ, 2 ఇంచులు ధారాళంగా సరిపోతుంది. లావు పైపుకి వంపులు ఎక్కువ కావాలి, చోటు ఎక్కువ కావాలి, అందుకే బీమ్ కోస్తానంటున్నాడు.

అసలు చూడాల్సింది కోర్ లోపల ప్రెజర్ డ్రాప్. చౌక కోర్లలో లోపలి ఫిన్లు (పల్చటి రేకులు) అడ్డదిడ్డంగా ఉంటే ఇంకో 0.1 బార్ అక్కడే పోతుంది, అప్పుడు ఇంజిన్‌కి అదే 0.8 అందించడానికి టర్బో 0.9 చేయాలి, గాలి 130 డిగ్రీలకి పోతుంది. ఒక చేత్తో చల్లబరిచి ఇంకో చేత్తో వేడి చేసినట్టు.

ముందు కొలవండి. బ్లూటూత్ ఓబీడీ డాంగిల్ (బండి కంప్యూటర్ సాకెట్‌లో పెట్టి నంబర్లు చదివేది) ఒకటి కొని, ఫోన్ యాప్‌లో ఇన్‌టేక్ ఎయిర్ టెంపరేచర్ పెట్టుకోండి. ఒక్క జాగ్రత్త, యాప్ చూపించే నంబర్ టర్బో ముందుదా తర్వాతదా చూసుకోవాలి. గట్టిగా తొక్కినా నంబర్ కదలకుండా బయటి టెంపరేచర్ దగ్గరే ఉంటే అది టర్బో ముందు సెన్సర్, మనకి పనికిరాదు.

నల్లమల_రోడ్

గింత వివరంగ చెప్పినందుకు చాలా థ్యాంక్స్ అన్నా. డాంగిల్ నా దోస్త్ దగ్గర ఉంటే తెచ్చి పెట్టిన. తొక్కితే నంబర్ పైకి పోతున్నది కాబట్టి టర్బో తర్వాతదే అనుకుంట. బయట 39 ఉన్నప్పుడు ఓఆర్ఆర్ మీద వంద స్పీడ్‌ల నిలకడగ పోతే 51, 52 చూపిచ్చింది. మూడో గేర్ల 2000 నుంచి 6000 ఆర్పీఎం దాకా లాగితే 70 దాటింది, మళ్ల 55కు రావడానికి నిమిషం పైన పట్టింది. ట్రాఫిక్‌ల నిలబడితే 78 దాకా పోయింది, అప్పుడు తొక్కితే గదే నీరసం. పోలో అన్న చెప్పినట్టు బాక్స్ తీసి చూసిన, అదే పుల్‌కు (మూడో గేర్ల అట్ల లాగితే) 62 కాడ ఆగింది. ట్రాఫిక్‌ల మాత్రం బాక్స్ ఉన్నా లేకున్నా ఒక్కటే, 76, 77. క్లచ్ వార్నింగ్ ఎప్పుడూ రాలే.

అంటే ఇంటర్‌కూలర్ వేయిస్తే ట్రాఫిక్‌ల గూడ తగ్గుతదా?

స్టీల్‌ప్లాంట్_మెకానికల్ (విశాఖ)

ట్రాఫిక్‌లో తగ్గదండి, ఇది ఖచ్చితంగా చెప్తాను. ఇంటర్‌కూలర్ పని చేసేది బయట గాలి వీస్తేనే, బండి ఆగిపోతే గాలి లేదు, పక్కన రేడియేటర్, కండెన్సర్, కింద రోడ్డు వేడి మొత్తం దానికే ఎక్కుతుంది. పెద్ద కోర్ బరువు ఎక్కువ కాబట్టి వేడెక్కడానికి టైమ్ పడుతుంది, కానీ ఒకసారి వేడెక్కాక చల్లారడానికి కూడా ఎక్కువే పడుతుంది. మీకు లాభం కనిపించేది ఘాట్ మీద, హైవే ఓవర్‌టేక్‌లో, వరసగా పుల్స్ చేసేటప్పుడు. ఇప్పుడు 70కి పోయేది 55, 58 దగ్గర ఆగితే బాగా పనిచేస్తున్నట్టు.

మీ నంబర్లలో నాకు ముఖ్యంగా కనిపించింది బాక్స్ వల్ల వచ్చిన 8 డిగ్రీలు. బాక్స్ ఉంచుకోవాలంటే ఇంటర్‌కూలర్ అవసరమే. బాక్స్ తీసేస్తే కంపెనీదే సరిపోతుంది, ఫిన్లు కడిగించుకుంటే చాలు.

ఆటోనగర్_ఆర్గాన్ (విజయవాడ)

ఇది నా పని కాబట్టి చెప్తున్నా, ఆటోనగర్లో లారీ ఇంటర్‌కూలర్లు, కార్ ఇంటర్‌కూలర్లు, రేడియేటర్లు అన్నీ ఆర్గాన్ వెల్డింగ్ చేస్తాం, సంవత్సరాలుగా ఇదే పని.

తమ్ముడూ ఆ క్రాష్ బీమ్ మీద రంపం పెట్టనివ్వకు. ఎదురుగా గుద్దుకున్నప్పుడు దెబ్బ ముందు అదే తీసుకుంటది, ఎయిర్‌బ్యాగ్ ఎప్పుడు తెరుచుకోవాలన్న లెక్క కూడా ముందు భాగం ఎట్టా నలుగుద్దన్న దాని మీదే ఉంటది. కొంచెం కోసినా కోసినట్టే. బీమ్ కోస్తేగానీ పట్టని కిట్ అంటే అది నీ కారు కిట్ కాదు, అంతే.

450×300 కోర్ కండెన్సర్ ముందు పెడితే 1350 చదరపు సెంటీమీటర్లు అడ్డం పెట్టినట్టు, అదీ 76 మందం. చల్లటి గాలి మొత్తం ముందు దానికే తగిలి, వేడెక్కిన గాలి కండెన్సర్‌కి పోద్ది. బెజవాడ మే నెలలో ఏసీ బాగా తగ్గిపోద్ది, ఫ్యాన్ ఆగకుండా తిరుగుద్ది. ఇంట్లోళ్లు ఎక్కరన్నావుగా, నిజంగానే ఎక్కరు. నీ లాంటి 1.0కి 550×140×65 లాంటి పొడుగు కోర్ తీసుకో, 770 చదరపు సెంటీమీటర్లే, బంపర్ కింద జాలీ (గ్రిల్) ఎదురుగా అడ్డంగా పడుకోబెట్టొచ్చు, బీమ్ కింద చోటు చూసుకుని. బంపర్ విప్పి టేపు పెట్టి కొలిచాకే ఆర్డర్ పెట్టు, ముందు కాదు.

బంపర్ విప్పేటప్పుడు చక్రాల దగ్గర ప్లాస్టిక్ లైనర్ స్క్రూలు, పైన క్లిప్పులు, కింద బోల్టులు, ఫాగ్ ల్యాంప్ వైరు కనెక్టర్లు చూసుకుని తీయాలి, లాగితే ట్యాబులు విరుగుతయ్యి, తర్వాత బంపర్ ఎప్పటికీ గ్యాపు కనపడతానే ఉంటది. విప్పగానే కండెన్సర్, ఇంటర్‌కూలర్, రేడియేటర్ ఏ వరసలో ఉన్నయ్యో, హారన్ ఎక్కడుందో, ఏ హోస్ ఎటు పోతందో ఫోన్‌లో ఫోటోలు తీసుకో. పాత ఇంటర్‌కూలర్ తీశాక తిరగేసి చూడు, లోపల కొంచెం ఆయిల్ తడి ఉంటది, అది మామూలే, గ్లాసుల లెక్కన కారితే మాత్రం టర్బో చూపించుకోవాలి. పాతది పారెయ్యొద్దు, మూతులకి గుడ్డ కట్టి ఇంట్లో పెట్టు.

కొత్త కోర్ వచ్చాక మా వాళ్లు చాలామంది వదిలేసే పని ఒకటుంది. దాని లోపల వెల్డింగ్ తుంపర్లు, అల్యూమినియం రజను ఉంటయ్యి. ఒక వైపు నుంచి కంప్రెసర్ గాలి కొట్టి, తర్వాత ఒక మూతి మూసి, రెండో వైపు నుంచి పెట్రోల్ కానీ థిన్నర్ కానీ పోసి ఊపి, తెల్ల గుడ్డలో వంపి చూడు. గుడ్డ మీద మెరిసే పొడి కనపడతది. ఆ పొడి రావటం ఆగిందాకా కడుగుతానే ఉండాలి, తర్వాత గాలి కొట్టి ఎండలో బాగా ఆరబెట్టాలి. ఇది కడక్కుండా బిగిస్తే ఆ రజనంతా నేరుగా సిలిండర్లోకి పోద్ది, మధ్యలో ఇంకో ఫిల్టర్ లేదు.

పైపు చివర బీడ్ ఉండాలి, అంటే చుట్టూ ఉబ్బుగా ఉండే అంచు. బీడ్ లేని నున్నటి పైపుకి ఎంత మంచి క్లాంపు వేసినా వేడికి, ఆయిల్ తడికి హోస్ జారి ఊడిపోద్ది, ఘాట్ మీద ఊడిందంటే అక్కడే కూర్చోవాలి. బీడ్ లేకపోతే మా దగ్గర వెల్డింగుతో చిన్న వరస పోస్తాం, అదీ పనిచేస్తది. క్లాంపులు టీ బోల్ట్‌వి వాడు, స్క్రూ పళ్ల క్లిప్పులు సిలికాన్‌ని కోసేస్తయ్యి. టర్బో నుంచి వచ్చే వేడి వైపు హోస్‌కి లోపల ఫ్లోరో లైనింగ్ ఉన్నది దొరికితే తీసుకో, మామూలు సిలికాన్ ఆయిల్ తడికి మెత్తబడి చెమరుస్తది.

బిగించాక బంపర్ పెట్టకముందే లీక్ టెస్ట్ చేయించు. టర్బో మూతి దగ్గర బిరడా పెట్టి 10, 12 పీఎస్ఐ గాలి వదిలి, ప్రతి జాయింటు మీద సబ్బు నీళ్లు కొట్టాలి. బుడగ వస్తే అక్కడే తెలిసిపోద్ది. అన్నట్టు ఈ టెస్ట్ ఇప్పుడే, పాత ఇంటర్‌కూలర్ మీదే ముందు చేయించు. ట్యూనింగ్ బాక్స్ పెట్టి నడిపిన బండి, ఎక్కడన్నా హోస్ సందులో గాలి పోతా ఉండొచ్చు, అప్పుడు టర్బో ఎక్కువ తిరిగి గాలి ఇంకా వేడెక్కుద్ది. లీకు కట్టేస్తే సగం బాధ పోయినోళ్లని చూశా.

కర్నూలు_ఘాట్‌రోడ్

అందరూ టెక్నికల్ చెప్పినారు, నేను కాగితాల సంగతి చెప్తా. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్సీలో ఉండే వివరాలు కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కు తేడా వచ్చేటట్టు బండి మార్చకూడదు, 2019 సవరణలో వచ్చిన 182ఏ కింద ఓనర్‌కు ఒక్కో మార్పుకు 5000 జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ అని రాసినారు. ఇంటర్‌కూలర్ బంపర్ లోపల ఉంటాది కాబట్టి రోడ్డు మీద ఎవరూ ఆపి చూడరు, అది నిజమే. కానీ యాక్సిడెంట్ అయినాక ఇన్సూరెన్స్ సర్వేయర్ బంపర్ విప్పి చూస్తాడు, అప్పుడు చెప్పని మాడిఫికేషన్ కనపడితే క్లెయిమ్ దగ్గర కొర్రీ పెడతారు. ఇన్సూరెన్స్ వాళ్లకు ముందే రాసి చెప్పేది మేలు. ఎక్స్‌టెండెడ్ వారంటీ ఉంటే టర్బో, ఇంజిన్, గేర్‌బాక్స్ మీద ఏ క్లెయిమ్ వచ్చినా ముందు ఆ బాక్స్, ఈ పైపులే చూపిస్తారు. వారంటీ ఉన్నంతకాలం నేనైతే చెయ్యను.

ఇంకొక మాట అన్నా, ఏమనుకోవద్దు. మన్ననూరు నుంచి డ్యామ్ దాకా ఆ శ్రీశైలం రోడ్డంతా అమ్రాబాద్ టైగర్ రిజర్వ్. జింకలు, కోతులు రోడ్డు మీదికి వచ్చేస్తాయి, రాత్రి పూట అందుకే గేట్లు మూసేస్తారు. ఇన్‌టేక్ టెంపరేచర్ టెస్టులు ఏమన్నా ఉంటే ఓఆర్ఆర్ మీద పొద్దున్నే చేసుకో, ఆ అడవిలో వద్దు.

నల్లమల_రోడ్

కర్నూలు అన్న చెప్పింది కరెక్టే, అడవిల ఏం చెయ్య, మామూలుగ పోయేటప్పుడే చూసిన. వారంటీ ఇంకొన్ని నెలలు ఉన్నది.

ఆటోనగర్ అన్న చెప్పినట్టు పాతదాని మీదనే లీక్ టెస్ట్ చేయించిన. టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు పోయే హోస్ కాడ సబ్బు నీళ్లు కొడితే సన్న బుడగలు వచ్చినయ్, ఆ క్లిప్పు కింద హోస్ అంచు నల్లగ ఆయిల్ పట్టి ఉన్నది. క్లిప్పు మార్పిచ్చి, బంపర్ ఇప్పినప్పుడే ఫిన్లు కడిగిపిచ్చిన, నడుమ మొత్తం పురుగులు, ధూళి, సన్న కంకర ఇరుక్కొని ఉన్నది, కొన్ని ఫిన్లు వంగి ఉంటే చిన్న బ్లేడుతోని ఒక్కొక్కటి నిలబెట్టిండు. ఇప్పుడు బాక్స్ లేకుండ అదే పుల్‌కు 57 కాడ ఆగుతున్నది, బయట 40. బాక్స్ తీసి పక్కకు పెట్టిన. షాపాయనకు బీమ్ కోసే కిట్ వద్దని చెప్పేసిన.

వారంటీ అయిపోయినంక 550×140 కోర్ వేయిస్త, విజయవాడకే తెస్త అన్నా మీ దగ్గరికి. ఒక్కటే డౌట్, అంత సన్నటి కోర్ పెడితే గాలి పక్కల నుంచి జారిపోదా?

ఆటోనగర్_ఆర్గాన్ (విజయవాడ)

జారిపోద్ది, మంచి డౌటే. గాలి ఎప్పుడూ సులువుగా పోయే సందు వెతుక్కుంటది, కోర్ పక్కన రెండు వేళ్ల సందున్నా ఫిన్లలోంచి పోకుండా అటే పోద్ది. జాలీ నుంచి కోర్ దాకా రెండు వైపులా, పైనా ఏబీఎస్ ప్లాస్టిక్ షీటు కోసి గోడలు కట్టి, అంచులకి నీళ్లు పీల్చని క్లోజ్డ్ సెల్ ఫోమ్ అంటించాలి, స్పాంజి లాంటి ఫోమ్ వద్దు, వానాకాలం నీళ్లు తాగి ఊడిపోద్ది. కింద మాత్రం మూయకూడదు, ఇసుక, నీళ్లు దిగిపోవాలి. జాలీ వెనక సన్న స్టీలు మెష్ కూడా పెడదాం, హైవే మీద లారీ వెనక పోతే రాళ్లు తగులుతయ్యి. వచ్చే ముందు పాత హోస్‌ల మూతి సైజు వెర్నియర్ పెట్టి కొలిచి పంపు, టర్బో వైపు ఒకటి, థ్రాటిల్ వైపు ఒకటి, రెండూ ఒకటే సైజు అనుకోవద్దు. దాన్ని బట్టి నేను రెడ్యూసర్లు (సైజు తేడా ఉన్న పైపుల్ని కలిపే హోస్‌లు) తెప్పించి పెడతా.